మీకు తెలుసా? ఆరు పేజీల లక్ష్యం

లెక్కల్లో బాగా వెనకబడి, వాటిపై ఆసక్తే లేని 40 మంది పిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని అమెరికా మనస్తత్వవేత్తలు ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లో ప్రచురించారు. వాళ్లలో మూడు బృందాలకు ఒకే తీసివేత పాఠాలు: 42 పేజీలు, ఏడు విడతలు. ఒక బృందానికి విడతకు ఆరు పేజీలన్నారు. రెండో బృందానికి చివరికల్లా 42 పూర్తిచేయమన్నారు. మూడో బృందానికి ఏ లక్ష్యమూ పెట్టలేదు. మొదటి రెండు లక్ష్యాల మొత్తం ఒక్కటే! అయినా త్వరగా, బాగా నేర్చుకున్నది ఆరు పేజీల పిల్లలే. తాము చేయగలమన్న నమ్మకం వాళ్లలోనే ఎక్కువ పెరిగింది. ఇష్టమైన పని ఎంచుకోమంటే తీసివేతలవైపు ఎక్కువగా మొగ్గింది కూడా వాళ్లే. దూరపు లక్ష్యంవల్ల చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు. కాబట్టి మీ పిల్లలకు ఎక్కాలన్నీ ఒకేసారి అప్పగించకండి. ఇవాళ్టికి ఒక్క ఎక్కం చాలని చెప్పండి.