పాత స్పోర్ట్స్ కారు తేలికపాటి కొత్త కారుగా ఎలా మారుతుంది?

1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 తుప్పు పట్టి బాడీ చెడినా, దాని ఇంజను, గేరుబాక్సు తరచు బాగానే ఉంటాయి కనుక, బ్రిటన్‌లో రూపొందిన ఎక్సోసెట్ అనే కిట్ కారుకు, అంటే విడిభాగాలు కొని బిగించుకునే కారుకు, అది భాగాలిచ్చే దాతగా పనికొస్తుంది. గేరుబాక్సును, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌తో కలిపే అల్యూమినియం దూలం ఈ దాతలో ఉండటం గొప్ప సౌకర్యం. బోల్టులు, వైర్లు, పైపులు విప్పి బాడీని పైకెత్తితే యంత్రభాగాలన్నీ చక్రాలతో సహా ఒకే వరుసలో మిగులుతాయి, వాటిపై ఉక్కు గొట్టాల చట్రాన్ని దించి బిగిస్తారు. పాత బాడీ, తలుపులు, పైకప్పు లేనందున సుమారు 950 కిలోల బరువు 700 దరిదాపులకు దిగుతుంది. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేదే త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, కాబట్టి ఇంజను మారకపోయినా కారు చురుకుగా పరుగెడుతుంది, బ్రేకులకూ శ్రమ తగ్గుతుంది. ఇలా కట్టిన కారు బ్రిటన్‌లో అధికారిక భద్రతా తనిఖీలో నెగ్గాకే రోడ్డెక్కాలి.