ఇంజక్షన్ సరే, ఎముక సంగతి చూశారా?

ఎముకలు గుల్లబారడం అనగానే మనకు నడుం వంగిన నానీమా గుర్తుకొస్తుంది. మగవారికి అది రాదని చాలా ఇళ్లలో గట్టి నమ్మకం. కాని టెస్టోస్టిరాన్ హార్మోను తక్కువైతే ముప్పయ్యేళ్ల యువకునికైనా ఎముక పలచబడుతుంది. పుట్టుకతో వచ్చే క్లైన్‌ఫెల్టర్ లోపం, ఈడు వచ్చాక గవదబిళ్లలు సోకి వృషణాలు దెబ్బతినడం, పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ కావడం ఇందుకు కొన్ని కారణాలు.

వీరికి డాక్టర్లు ఆ హార్మోనును ఇంజక్షన్‌గానో, ఒంటికి రాసుకునే జెల్‌గానో ఇస్తారు. సిగ్గుపడి ఇంట్లో చెప్పనివారు, మధ్యలో మానేసేవారు ఉన్నారు. మానేస్తే నీరసం త్వరగానే తెలుస్తుంది. ఎముక తరగడం మాత్రం అది విరిగేదాకా తెలియదు. (పిల్లలు కావాలనుకునేవారు మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మందు వీర్యకణాలను తగ్గిస్తుంది.)

వింత ఏమిటంటే, మగవారి ఎముకను కాపాడటంలో పెద్ద వాటా ఈస్ట్రోజెన్‌ది. టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. 1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల యువకుని గురించి రాశారు. అతనికి టెస్టోస్టిరాన్ లోటు లేదు. ఈస్ట్రోజెన్‌కు మాత్రం అతని శరీరం స్పందించదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముకలేమో గుల్ల! జిమ్‌లో ఎవరో చెప్పారని ఈస్ట్రోజెన్‌ను అణచే మాత్రలు మింగేవారు ఇది గమనించాలి.

మరి ఇంజక్షనుతోనే పని తీరుతుందా? 65 దాటినవారికి ఏడాదిపాటు జెల్ ఇస్తే వెన్నెముక సాంద్రత పెరిగినట్లు 2017లో తేలింది. కాని 2024లో వెలువడిన మరో పరిశోధన వేరే మాట చెప్పింది. గుండెజబ్బు గాని, దాని ముప్పు గాని ఉన్న 5,204 మందిని మూడేళ్లకు పైగా గమనిస్తే, జెల్ రాసుకున్నవారిలో 91 మందికి, ఉత్తుత్తి జెల్ రాసుకున్నవారిలో 64 మందికి ఎముకలు విరిగాయి. క్లైన్‌ఫెల్టర్ వంటి లోపాలున్నవారి సంగతి వేరు, ఇది చదివి వారు మందు మానరాదు. అయితే ఎముకకు హార్మోను ఒక్కటే చాలుననుకోవడం పొరపాటు.

డెక్సా స్కానింగులో టి-స్కోరు మైనస్ 2.5 గాని, అంతకన్నా కిందికి గాని ఉంటే, లేదా చిన్న పాటుకే ఎముక విరిగి ఉంటే, ఎముకకు విడిగా మందు అవసరమా అని డాక్టరును అడగాలి. విటమిన్ డి పరీక్ష చేయించాలి. కాల్షియం రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు కావాలి. గ్లాసు పాలలో దాదాపు 300, వంద గ్రాముల రాగిపిండిలో 340 దాకా ఉంటుంది. సిగరెట్ మానాలి. ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఆ మాట దాచకూడదు.

రమజాన్‌లో సందేహాలు సహజం. పోషకాహారం కాని ఇంజక్షన్లతో రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. వారానికొకటి మింగే అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. ఆ రోజున సహర్ భోజనానికి అరగంట ముందే లేస్తే సరిపోతుంది. కాల్షియం బిళ్ల మాత్రం దానితో కలిపి వేసుకోవద్దు, ఇఫ్తార్ తర్వాత వేసుకోండి.