కొండ సరస్సు చెంత గుడార నివాసం – ఆరోగ్య నియమాలు

ఇటీవల మన తెలుగు కుటుంబాలు మనాలీతో ఆగక, అంతకంటె ఎత్తయిన చోట్లకు వెళ్లి గుడారాలలో గడిపి వస్తున్నాయి. నిర్మలమైన గాలి, ప్రశాంతత మనసుకు మేలు చేసేవే. అయితే ఎత్తయిన ప్రదేశాలకు తగిన నియమాలు తెలియకపోతే వైద్యుడు సైతం పొరబడతాడు. నేను పొరబడిన విధమే ముందుగా మనవి చేస్తాను.

2022 ఆగస్టులో మేనల్లుడు, అతని భార్యతో కలిసి హిమాచల్ ప్రదేశ్‌లోని చంద్రతాల్ సరస్సుకు వెళ్లాను. అది సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. మనాలీ సుమారు 2,050 మీటర్లు మాత్రమే. 2020లో అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత ఈ ప్రయాణం సులభమైంది. ఉదయం మనాలీలో బయలుదేరి సాయంత్రానికే చేరాము. సరస్సు ఒడ్డున గుడారాలు వేయనీయరు గనుక కొంత ఇవతల వేసుకున్నాము. విద్యుత్తు లేదు, వెంట తెచ్చుకున్న పొయ్యి, కంబళ్లు, రెండు గుడారాలే ఆధారం.

హేమంతంలో జఠరాగ్ని ప్రబలంగా ఉంటుందని, నేతితో కూడిన బరువైన ఆహారం కూడ జీర్ణమవుతుందని గురుకులంలో అష్టాంగ హృదయం చదివేనాడు నేర్చుకున్నాను. ఆ చలికీ అదే వర్తిస్తుందనుకొని నెయ్యి ధారాళంగా వేసిన కిచిడీ తినిపించాను. గంటకే మేనల్లునికి తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. అజీర్ణమని తలచి శొంఠి, జీలకర్ర కషాయం ఇచ్చాను. అర్ధరాత్రికి లేచి నిలబడితే తూలిపోతున్నాడు. "పడుకుంటే తగ్గుతుంది మామయ్యా" అన్నాడు. స్థానికుడైన మా డ్రైవరు మాత్రం, "ఇది మందుతో పోయేది కాదు వైద్యజీ, వెంటనే దిగాలి" అన్నాడు.

గుడారాలు అక్కడే వదలి బయలుదేరాము. తెల్లవారేసరికి సుమారు 3,300 మీటర్ల ఎత్తున ఉన్న ఛత్రూ చేరాము. అప్పటికి తలనొప్పి సగం తగ్గింది. ఆలస్యమై ఉంటే మెదడు వాపు ముదిరి ప్రాణాపాయం కలిగేదని మనాలీలో పరీక్షించిన వైద్యులు చెప్పారు.

కారణమేమి?

ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 60 శాతమే. ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దేహం దానికి అలవాటు పడడానికి కొన్ని రోజులు కావాలి. అంతవరకు ఆకలి మందగిస్తుంది. చలి ఒకటే అయినా అక్కడ హేమంత ఋతుచర్య వర్తించదు. నీరు కూడ సుమారు 86 డిగ్రీలకే మరుగుతుంది గనుక కుక్కరు లేనిదే పప్పు ఉడకదు.

పాటించవలసినవి

1. 3,000 మీటర్లు దాటాక, నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు విశ్రమించాలి.
2. తలనొప్పి, వికారం ఉంటే పైకి వెళ్లరాదు. తూలడం, మతి తప్పడం, కదలకున్నా ఆయాసం కనిపిస్తే రాత్రి అని చూడక దిగి, వైద్యుని చేరాలి.
3. రాత్రి పలుచని పెసరపప్పు జావ, గోరువెచ్చని నీరు చాలు. మద్యం, నిద్రమాత్రలు కూడవు.
4. గుడారంలో కుంపటి పెట్టరాదు. బొగ్గుల నుండి వెలువడే విషవాయువు వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.
5. నేల చలి తగలకుండా పక్క కింద మందపాటి చాప పరచాలి. పడుకొనే ముందు పాదాలకు నువ్వులనూనె మర్దించుకుంటే హాయి.
6. మలవిసర్జనకు నీటికి 60 మీటర్ల దూరాన గుంట తీసి, తరువాత పూడ్చాలి. సరస్సులో సబ్బు కలపరాదు.

గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు, గర్భిణులు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

శొంఠి కషాయం గొంతుకు హితవే, కాని ప్రాణవాయువును తెచ్చియ్యలేదు. అందుకే ఇప్పుడు కొండలకు వెళుతూ మందులడిగేవారిని, ఎన్ని రోజులలో పైకి చేరుతున్నారని మొదట అడుగుతున్నాను.