కడలి గర్భాన ‘కళింగ’

పాతపట్నం: పట్టణాన్ని ఒరుసుకొని పారే మహేంద్రతనయ వంశధారలో కలిసి, కళింగపట్నం వద్ద బంగాళాఖాతాన్ని చేరుతుంది. ఆ కడలి తీరానికి ఒకనాటి పేరైన కళింగను ఓ చిన్న జలచరం నేటికీ మోస్తున్నది. దాని శాస్త్రీయ నామం ‘కళింగ ఆర్నేటా’. అలంకృతమైన కళింగ అని భావం.

ఇది పెంకు లేని సముద్రపు నత్త. అరచేతిలో ఇమిడిపోతుంది. కొంత పారదర్శకంగా కనిపించే పాలిపోయిన దేహంపై ఎర్రని కొనలు గల బుడిపెలు, నడుమ నీలి చుక్కలు ఉంటాయి. మొప్పలు లోపల దాగక వీపుపైనే ఈకల వలె విచ్చుకొంటాయి. చీకటిలో కదిలిస్తే వెలుగును విరజిమ్ముతుంది. అందుకేనేమో, జపాన్ వాసులు దీనిని ‘హనదెన్షా’ అంటారు. ఉత్సవాలలో పూలతో అలంకరించి నడిపే ట్రాము బండి అని అర్థం.

రూపం సుకుమారమే గానీ ఇది మాంసాహారి. ఇసుక, బురద నేలపై తిరుగుతూ, నక్షత్ర చేపను పోలి సన్నని పొడవాటి చేతులున్న బ్రిటిల్ స్టార్‌లను భక్షిస్తుంది. ఈ జాతి నత్తలలో ప్రతి ప్రాణీ ఏకకాలంలో ఆడ, మగ కూడా. గుడ్లు నాడా వలె పేర్చి పెడతాయి. పిల్లదశలో ఉండే చిన్న పెంకు పెరిగే కొద్దీ రాలిపోతుంది.

ఉత్తర సర్కారుల కమిషనరుగా 1845 నుంచి 1854 వరకు పనిచేసిన వాల్టర్ ఎలియట్ వాల్తేరులో నివసించారు. అమరావతి శిల్పాలను తవ్వించినదీ ఆయనే. తూర్పు తీరంలో ఆయన సేకరించిన నత్తలను ఇంగ్లండులోని జాషువా ఆల్డర్, ఆల్బనీ హాన్‌కాక్ పరిశీలించి, 1864లో లండన్ జంతుశాస్త్ర సంఘం సంచికలో వర్ణించారు. కళింగ ఆర్నేటాకు ఆ పేరు అప్పుడే దక్కింది. సారాయంలో ఉంచిన నత్త రంగు కోల్పోయి ముడుచుకుపోతుంది. కనుక ప్రాణంతో ఉండగా గీయించిన రంగుల చిత్రాలే ఇటువంటి పరిశీలనకు ఆధారం.

మరపడవల వలలు సముద్రపు నేలను ఈడ్చుకుపోయినపుడు నత్తతోపాటు దాని ఆహారమూ చెదిరిపోతుంది. వలలో పడినా అమ్మకానికి పనికిరాదు గనుక పట్టించుకొనే వారుండరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకొని విధించినది. నత్తకు దక్కే విశ్రాంతి ఆ చేపల పుణ్యమే.