సైలెన్సరు డొల్ల... రైతు జేబుకు చిల్లు!

భాకరాపేట కనుమలో టమాటా లారీ వెనక చిక్కుకుని వచ్చిన వారికి నల్లపొగ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చంద్రగిరి చేరి ముఖం తుడుచుకుంటే తువ్వాలు నల్లబడుతుంది. లోడు బండి అన్నాక పొగ రాక ఏమొస్తుందిలే అని సరిపెట్టుకుంటాం. కానీ ఆ నలుపంతా సరిగా కాలని డీజిలే. సొంత బండి అయినా, కిరాయి బండి అయినా ఆ ఖర్చు చివరికి రైతు నెత్తినే పడుతుంది.

పాత బండి లోడు లాగడం లేదంటే కొందరు మెకానిక్కులు చేసే వైద్యం ఒకటే. డీజిలు పంపు సీలు తెంచి సెట్టింగు పెంచేస్తారు. గాలి అంతే ఉంటుంది, డీజిలు ఎక్కువ పోతుంది. నాలుగు రోజులు ఊపు వచ్చినట్టే ఉంటుంది, ఆ తరువాత ఇంజను వేడెక్కడం మొదలు. ట్రాక్టర్లకూ ఇదే తంతు. చాలాసార్లు అసలు జబ్బు మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, లేదా అరిగిపోయిన నాజిళ్లు. ముందు వాటిని చూపించుకోవాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్ల కథ వేరు. వీటి పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. దీన్నే డీపీఎఫ్ అంటారు. తోట నుంచి దామలచెరువు మండీకి, మండీ నుంచి తోటకు చిన్న చిన్న ట్రిప్పులే తిరిగే బండిలో ఇది తొందరగా నిండుతుంది. డాష్‌బోర్డు మీద దీని దీపం వెలిగితే బండిని హైవే ఎక్కించి కాసేపు ఒకే వేగంతో నడిపితే మసి కాలిపోతుంది. ఈ చిన్న ముక్క తెలియక కొందరు షెడ్డుకు తోలి జల్లెడ పొడిపించి డొల్ల చేయిస్తున్నారు. దీపం వెలగకుండా కంప్యూటరులో మార్పు కూడా చేయిస్తారు. మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ కింద ఇలాంటి మార్పు ఒక్కోదానికి యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు. రెండూ పడవచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అనవచ్చు. డీజిలు బండికి ఆ పరీక్షలో చూసేది పొగ నలుపు ఒక్కటే. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క అందులో రాదు. రోడ్డు మీద కాగితం చూసి పంపేస్తే సరిపోదు, అధికారులు వంగి సైలెన్సరు కూడా చూడాలి.

కాగితాల సంగతికి మన సీమలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు ఆపేసింది. తుక్కు కింద కొన్న అలాంటి లారీలను బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్ట్రేషన్ చేయించారన్న ఆరోపణపై 2020లో తాడిపత్రిలో కేసులు నడిచాయి. తరువాత ఈడీ కూడా రంగంలోకి దిగింది. ముగ్గురు నలుగురు రైతులు డబ్బు పోగేసి సెకండ్ హ్యాండు వ్యాను కొనేటప్పుడు ఇది గుర్తుండాలి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బండి ఏ బీఎస్‌దో, ఎక్కడ రిజిస్టరు అయిందో తెలుస్తుంది. పొగగొట్టం లోపల వేలు పెట్టి చూడండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే సుమా! బీఎస్-6 బండికి అక్కడ మసి దట్టంగా అంటితే ఆ బేరం వదిలేయడం మేలు.

ఇక అన్నిటికంటే మంట పుట్టించేది యూరియా. బీఎస్-6 పెద్ద లారీల్లో డీజిలు ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసే డెఫ్ ద్రావణంలో యూరియా 32.5 శాతం. లెక్క వేస్తే మన 45 కిలోల బస్తా ఒకటి 125 లీటర్ల పైచిలుకు ద్రావణానికి సరిపోతుంది. సబ్సిడీ పుణ్యమా అని ఆ బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంది. అక్రమార్కుల కన్ను దాని మీద పడటంలో వింతేముంది? 2025 ఖరీఫ్‌లో బస్తా కోసం రైతులు క్యూలో నిలబడిన రోజులు ఎవరూ మరచిపోలేదు.

పైగా ఎరువు యూరియా ఆ పనికి పనికిరాదు. 2015 నుంచి దానికి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ నూనె, యూరియాలోని మలినాలు లారీ క్యాటలిస్టుపై పేరుకుని దాన్ని పాడుచేస్తాయి. సబ్సిడీ యూరియాను పక్కదారి పట్టిస్తే నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు అవుతుంది. మీ పేరు మీద బస్తాలు రాయించుకుని కమీషను ఇస్తామని ఎవరైనా వస్తే వేలిముద్ర వేయకండి. మండల వ్యవసాయాధికారికి చెప్పండి.