ముల్లు చెప్పెడి మాట

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు నెక్కుచున్న సరకుల లారీలో చోదకుని చూపు రెండు తావుల నుండును. ఒకటి ముందున్న మలుపు. రెండవది స్టీరింగు వెనుకనున్న పలకపై చిన్న గడియారమువలె కనబడు సాధనము. దాని యొక చివర చలువకు, మరియొక చివర వేడికి గుర్తు లుండును. మైదానమున నట్టనడుమ నిలిచియుండిన దాని ముల్లు, కొండ నెక్కుకొలది పైకి జరుగ మొదలిడును. ప్రక్కనున్న క్లీనరు కుఱ్ఱవాడు దానిని చూచి, "గురువుగారూ, బండి ఆపుదమా?" అని యడుగును.

ఆపవలెనా, సాగవలెనా? తొందరపడి యిచ్చు సమాధానము ఎటు తప్పినను నష్టమే. ఇరుకైన మలుపులో అకారణముగా బండిని నిలిపినచో వెనుక వచ్చు వాహనములకు ప్రమాదము. నిలుపవలసినపుడు నిలుపకున్నచో ఇంజను పట్టివేయును. అప్పు చేసి కొన్న లారీ యైనచో ఒక కుటుంబపు జీవనాధారమే ఘాటురోడ్డుపై నిలిచిపోవును. కనుక ఆ ముల్లు దేనిని చెప్పుచున్నదో, దేనిని చెప్పలేదో తెలిసికొనుట అవసరము.

ఇంజనులో డీజిలు మండునపుడు పుట్టు వాయువుల వేడి క్షణకాలము 2,000 సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపునకు పోవును. పోతయినుము సుమారు 1,200 డిగ్రీలకే కరగును. అట్లైనను ఇంజను కరగకుండుటకు ముఖ్యకారణము దాని గోడల చుట్టు ఎడతెగక తిరుగు నీరు. పంపు ఆ నీటిని నడపును. నీరు ఇంజను వేడిని గ్రహించి రేడియేటరులోని సన్నని గొట్టములలో ప్రవహించును. ఫ్యాను గాలి ఆ వేడిని వెలుపలికి కొనిపోవును. డీజిలులోని శక్తిలో సగమునకు మించి పనికి రాక వేడిగానే పోవును. అందు కొంత భాగమును మోయునది ఈ నీరే. ముల్లు చూపునది ఆ నీటి వేడిని మాత్రమే, ఇనుము వేడిని కాదు.

ఇంజను ఎంత చల్లగా నున్న అంత మేలని కొంద రనుకొందురు. ఇది పొరపాటు. చల్లని ఇంజనులో ఇంధనము పూర్తిగా మండదు. మండని డీజిలు గోడలపైనున్న నూనెపొరను కడిగివేయును. లోపలి భాగములు త్వరగా అరుగును. అందుచేత థర్మోస్టాటు అను కవాటమును నీటి దారిలో నమర్చుదురు. దానిలో మైనము వంటి పదార్థ ముండును. నీరు 80 డిగ్రీల ప్రాంతమునకు వేడెక్కునంతవరకు ఆ కవాటము మూసికొనియుండును. పిమ్మట మైనము కరిగి ఉబ్బి తలుపు తెఱచును. అప్పుడు నీరు రేడియేటరునకు పోవును. ఈ కారణమున సాధారణపు డీజిలు లారీలో 80 మొదలు 95 డిగ్రీల వరకు ఆరోగ్యస్థితి యని చెప్పవచ్చును. ఖచ్చితమైన హద్దు ఏ వాహనమున కా వాహనపు పుస్తకమే చెప్పవలెను.

నీరు 100 డిగ్రీలకు మరుగునని బడిలో చదివిన కుఱ్ఱవానికి 95 అను అంకె భయము కలిగించుట సహజము. అయితే రేడియేటరు మూత మామూలు మూత కాదు. వంటింటిలోని ప్రెషరు కుక్కరువలె అది లోపల ఒత్తిడిని నిలిపియుంచును. వెలుపలి గాలి ఒత్తిడికి అందులో సగము అదనముగా చేరినచో నీరు సుమారు 111 డిగ్రీలకుగాని మరుగదు. దానంతటి ఒత్తిడియే అదనముగా చేరినచో 120 డిగ్రీల వరకు మరుగదు. నీటిలో కలుపు కూలెంటు ఈ హద్దును మరికొంత పెంచును. మూతలోని రబ్బరు చెడినచో ఈ రక్షణ యంతయు పోవును. అంతేకాదు, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న అరకులో మూతలేని నీరు 97 డిగ్రీలకే మరుగును. మైదానమున సరిపోయిన పాత మూత కొండమీద సరిపోకుండుట ఇందువలననే.

కొన్ని పాతబండ్లపై ముల్లు 185 వద్ద నుండుట చూచి క్రొత్తవారు బెదరుదురు. అది ఫారన్‌హీటు అంకె. అందులో 32 తీసివేసి, మిగిలిన 153ను 5తో హెచ్చించి 9తో భాగించిన 85 సెంటిగ్రేడు డిగ్రీలు వచ్చును. బండి క్షేమమే.

అంకెకంటె ముఖ్యమైనది అలవాటు. అనుభవముగల చోదకుడు, ఈ బండి, ఈ బరువుతో, ఈ యెత్తున, ఈ ఎండలో నిన్న ఎంత చూపినదో జ్ఞాపకముంచుకొనును. నిండుబరువుతో కొండ నెక్కునపుడు ముల్లు కొంత పెరిగి ఒకచోట నిలిచి, దిగునపుడు తగ్గినచో చింత లేదు. సమతలముపై ఏ కారణము లేకయే పెరిగినచో అది మొదటి హెచ్చరిక. రేడియేటరు రెక్కలలో ఊక నిండుట, బెల్టు వదులగుట, గొట్టము కారుట, థర్మోస్టాటు తెఱచుకొనకుండుట వంటి కారణములు వెదుకవలెను. బండిని నిలిపి ఇంజను ఆపిన వెంటనే ముల్లు కొంచెము లేచుటయు కలదు. నీటి ప్రవాహము ఆగుటచే ఇనుములోని వేడి నిలిచిన నీటికి చేరుటయే దానికి కారణము; రోగము కాదు.

ముల్లు అబద్ధ మాడుటయు కలదు. నీటిలో మునిగియున్న చిన్న సెన్సరు వేడెక్కిన కొలది విద్యుత్తు నెక్కువగా ప్రవహింపనిచ్చును. సాధారణముగా దాని తీగ తెగిన ముల్లు చలువకు పడును. తీగ ఒరిసి ఇనుమును తాకిన వేడివైపునకు ఎగురును. కొన్ని క్రొత్త వాహనములలో నీరు పది పదునైదు డిగ్రీలు అటునిటు మారినను ముల్లు నడుమనే కదలకుండునట్లు అమర్చుదురు. చూచువాని మనశ్శాంతికి అది మంచిదే, కాని అతనికి తెలియవలసిన నిజమును కొంత దాచును.

అన్నిటికంటె మోసకరమైనది మరొకటి. ముల్లు పైకి పోయి పోయి, హఠాత్తుగా దిగిపోవును. చోదకుడు సంతోషించును. నిజమునకు నీరు కారిపోయి సెన్సరు తడిలేక నిలిచియుండవచ్చును. లోపల ఇనుము కాగుచునే యుండును. ఎక్కుడులో నున్నపుడే ముల్లు తగ్గి, దానితోపాటు ఆవిరి, వింతవాసన, బలము తగ్గుట కనబడినచో వెంటనే ఇంజను ఆపవలెను.

ముల్లు ఎఱ్ఱగీతను సమీపించినపుడు విశాలమైన చోటు చూచి నిలుపవలెను. నీరు కారుట లేకున్న కొన్ని నిమిషములు బరువులేక ఇంజనును నడువనిచ్చిన నీరు తిరిగి వేడి తగ్గవచ్చును, తగ్గనిచో ఆపివేయవలెను. మూతను మాత్రము తాకరాదు. ఒత్తిడిలోనున్న 110 డిగ్రీల నీరు మూత తీసిన తక్షణమే ఆవిరియై చిమ్మును. చేతులు, ముఖము కాలును. తొందరపడి చన్నీరు పోసినచో ఇంజను తల పగులవచ్చును.

అనంతగిరి దారిలో ఆ చోదకుడు బండి నాపలేదు. ముల్లు నడిమిగీతకు రెండు గీతలు పైన నిలిచినది, పెరుగలేదు, ఆవిరి లేదు. గాలికొండ దాటి దిగుట మొదలిడగనే అది మెల్లగా వెనుకకు వచ్చినది. అరకు చేరి, సరకు దింపి, ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట కుఱ్ఱవాడు నీటిడబ్బా చూచెను. నీరు గుర్తునకు రెండు వ్రేళ్లు క్రిందికి దిగియుండెను. చోదకుడు టార్చిలైటు వెలిగించి, క్రింది గొట్టమునకు బిగించిన క్లిప్పు వద్ద తడిని వ్రేలితో చూపించి, స్క్రూడ్రైవరు తెమ్మనెను.