లైట్లు వెలుగుతున్నాయి... పేజీ మాత్రం రాదు!

నూజివీడు: మామిడి కోతల కాలంలో నున్న మార్కెట్‌కు లోడు ఎత్తే ముందు బంగినపల్లి ఎంత పలుకుతోందో, రసాలను అడిగేవాళ్ళున్నారో లేదో సెల్‌ఫోన్‌లో చూసుకోవడం నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు రైతులకు అలవాటైంది. సరుకు సొమ్ము బ్యాంకులో పడిందీ లేనిదీ తెలిసేదీ అందులోనే. సరిగ్గా అప్పుడే గోడమీది పెట్టెలో లైట్లన్నీ వెలుగుతూ, పేజీ మాత్రం తెరుచుకోకపోతే? కోసిన కాయ మళ్ళీ చెట్టుకు అతకదు. "నెట్ పోయింది" అని కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే, అతను వచ్చేది రేపో ఎల్లుండో.

ఒక్కోసారి పోయింది నెట్ కాదు. పేరు చెబితే చోటు చూపించేవాడు పలకడం లేదు. వాడి పేరే డిఎన్ఎస్.

ఊళ్ళో తోటను చెరువుకింద తోట అనో, మునసబుగారి తోట అనో పిలుస్తారు. రికార్డులో ఉండేది సర్వే నంబరు. ఏ తోటకు ఏ నంబరో వెనకటి రోజుల్లో కరణంగారికి కంఠతా ఉండేది. ఇంటర్నెట్‌లోనూ అంతే. మనుషులు టైపు చేసేది పేరు, యంత్రాలకు కావలసింది అంకె. పేరుకు అంకె చెప్పే ఈ ఏర్పాటును 1983లో పాల్ మాకపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రూపొందించారు. ఆ మరుసటి ఏడే, 1984లో, మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ రద్దయింది!

రాష్ట్ర ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో మొదలుపెట్టారు. దాని తీగైనా, ప్రైవేటు కంపెనీ తీగైనా, పేర్లకు అంకెలు చెప్పే సర్వర్‌ను మామూలుగా కంపెనీయే ఇస్తుంది. అది మొరాయిస్తేనే చిక్కు.

తెలుసుకోవడం సులువే. ముందు పెట్టె చూడాలి. ఎల్ఓఎస్ అన్నచోట ఎర్రలైటు కొట్టుకుంటుంటే ఈదురుగాలికి తీగ తెగిందనుకోవచ్చు. దానికి ఏ అంకెలూ పనిచేయవు, మనిషి రావలసిందే. ఎర్రలైటు లేకపోతే పెట్టెను ఒక నిమిషం ఆపి వేయాలి. అయినా రాకపోతే బ్రౌజర్‌లో పేరుకు బదులు 1.1.1.1 అని కొట్టి చూడాలి. ఆ పేజీ వచ్చి, పేర్లతో కొట్టినవి రాకపోతే దోషం డిఎన్ఎస్‌దే.

అప్పుడు వేరే సర్వర్ పెట్టుకోవచ్చు. అందరికీ ఉచితంగా ఉన్నవాటిలో గూగుల్‌ది 8.8.8.8, దానికి జత 8.8.4.4, ఇది 2009లో వచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్ వారిది 1.1.1.1, జత 1.0.0.1, ఇది 2018లో వచ్చింది. ఇల్లంతటికీ మార్చాలంటే పెట్టె అడుగున చీటీమీద ఉన్న చిరునామా (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి, లోపల డిహెచ్‌సిపి భాగంలో ప్రైమరీ, సెకండరీ డిఎన్ఎస్ గళ్ళు నింపాలి. పాత అంకెలు ముందుగా కాగితంమీద రాసుకోవాలి. పక్కనున్న వాన్, విలాన్ గళ్ళ జోలికి పోరాదు. వాటిని కదిపితే నెట్‌తోపాటు అదే పెట్టె నుంచి వచ్చే టి.వి., ఫోను కూడా ఆగవచ్చు.

పెట్టెతో పని లేకుండా ఫోన్ ఒక్కదానికే మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ 9, ఆ తరువాతి ఫోన్లలో ప్రైవేట్ డిఎన్ఎస్ అని ఉంటుంది. చాలామంది అక్కడ 8.8.8.8 వేసి, పనిచేయడం లేదంటారు. అక్కడ అంకె కాదు, పేరు వేయాలి: ఆంగ్లంలో డిఎన్ఎస్, చుక్క, గూగుల్, ఖాళీ లేకుండా చిన్న అక్షరాల్లో.

దీంతో నెట్ వేగం రెట్టింపవుతుందని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. పేరు వెతికే క్షణం తగ్గితే తగ్గవచ్చు. సినిమా దిగే వేగం ప్యాకేజీని బట్టే.

ఎవరో పంపిన అంకెలు మాత్రం వేయరాదు. కరణం దొంగవాడైతే బ్యాంకు పేరు చెప్పినా దొంగ ఇంటికే పంపుతాడు. డిఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ ప్రపంచంలో 40 లక్షల కంప్యూటర్లలో ఈ అంకెలే మార్చింది. 2011 నవంబర్‌లో ముఠా పట్టుబడింది. ఆ దొంగ సర్వర్లను ఒక్కసారిగా ఆపితే అందరికీ నెట్ పోతుందని, వాటి స్థానంలో మంచివి పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు.

పెట్టె కొన్ననాటి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అలాగే ఉంటే, అంకెలు మార్చే రోజునే దాన్నీ మార్చుకోవాలి. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.